సర్దుకుపోతాయి సార్!



ఛందస్సు, వ్యాకరణం, మా పాత బడి ముచ్చట్లు తప్ప మరొకటి ఎరుగని ఈ పుటలో చేపల ప్రసక్తి ఏమిటని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. కానీ కొన్ని నెలలుగా ఒక చేప నన్ను వదలడం లేదు. వ్రాసి పెడితే గాని మనసు తేలికపడదని ఈ టపా. కాస్త పొడవైనది, తీరికగా చదవండి.

మా మనుమడు ఒక పుట్టినరోజు విందుకు వెళ్ళి, వస్తూ వస్తూ చేతిలో ప్లాస్టిక్ గ్లాసు ఒకటి పట్టుకొని వచ్చాడు. అందులో నాలుగు గుక్కల నీళ్ళు. ఆ నీళ్ళలో నెమలికంఠపు నీలంతో, ఒంటికి మించిన రెక్కలతో ఒక చేప. విందుకు వచ్చిన పిల్లలకు తలా ఒక చేపను రిటర్న్ గిఫ్ట్‌గా పంచారట. మా చిన్నతనంలో పేరంటానికి వెళితే తాంబూలంలో అరటిపండు పెట్టి పంపేవారు. అరటిపండుకు ఆకలి వేయదు, ఊపిరాడకపోవడం ఉండదు గనుక ఎవరికీ బాధ ఉండేది కాదు.

దుకాణాలలో దీనిని ఫైటర్ అంటారు. శాస్త్రీయనామం బెట్టా స్ప్లెండెన్స్. గ్లాసులో ఉంచడానికి మనసొప్పక మరునాడే ఇరవై లీటర్ల అద్దాలతొట్టి, చిన్న వడపోత యంత్రం, రెండు నీటిమొక్కలు కొని తెచ్చాను. చేప హాయిగా ఈదింది. అంతటితో ఆగి ఉంటే ఈ టపాకు అవసరమే ఉండేది కాదు.

రెండు రోజుల తరువాత మనుమడు తొట్టి ముందు కూర్చొని, "తాతయ్యా, పాపం ఇది ఒక్కతే ఉంది. దీనికి ఫ్రెండ్స్ వద్దా?" అన్నాడు. ముప్పైరెండేళ్ళు సత్సాంగత్య మహిమను గురించిన పద్యాలు చెప్పి, చెప్పించి, అప్పగించుకున్న వాడిని. ఆ మాటకు కరగకుండా ఎలా ఉంటాను? ఇద్దరం దుకాణానికి వెళ్ళాం. ఫైటర్‌తో ఏ చేపలు కలిసి ఉంటాయని అడిగితే ఆ అబ్బాయి గప్పీలు చూపించాడు. సన్నని ఒళ్ళు, విసనకర్రల్లాంటి రంగురంగుల తోకలు. కరవదు కదా అని ఒకటికి రెండుసార్లు అడిగాను.

"ఏం కాదు సార్. ఒకటి రెండు రోజులు చూసుకుంటాయి, తర్వాత అవే సర్దుకుపోతాయి."

నాలుగు గప్పీలు తెచ్చి సాయంకాలం తొట్టిలో వదిలాం. తెల్లవారి చూస్తే రెండు అడుగున పడి ఉన్నాయి, తోకలు చీలికలు పీలికలై. మూడవది వడపోత యంత్రం వెనుక సందులో ఇరుక్కొని మొప్పలు ఎగరేస్తున్నది. నాలుగవది ఒక మూల నీటిమట్టానికి అంటుకొని కదలకుండా ఉన్నది. మా నీలకంఠుడు మాత్రం తొట్టి నడుమ రెక్కలు విప్పుకొని అటూ ఇటూ తిరుగుతున్నాడు. మిగిలిన రెండింటిని గరిటెతో తీసి వరండాలోని తామరతొట్టిలో వదిలాను. చచ్చిన వాటిని గులాబీ కుండీలో పాతిపెట్టాం. అంతా అయిన తరువాత పిల్లవాడు అడిగాడు:

"తాతయ్యా, ఇది చెడ్డ చేపా?"

దుర్జన పద్ధతి, సజ్జన పద్ధతి అంటూ ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పినవాడికి ఈ ప్రశ్న సులభంగా ఉండాలి. ఉండలేదు. అవునంటే ఆ పిల్లవాడు ఇక దానికి మేత వేయడు. కాదంటే గులాబీ కుండీలో ఉన్న రెండింటికి ఏమని జవాబు చెప్పను? "చెడ్డది కాదు నాన్నా, తప్పు నాది. తెలుసుకోకుండా తెచ్చాను" అన్నాను. వాడు నమ్మలేదు. వారం రోజులు తొట్టి వైపు చూడనైనా లేదు. ఆ వారం రోజులూ నేను చదువుతూ కూర్చున్నాను.

మొదట పేరు సంగతి. ఈ చేప స్వస్థలం థాయిలాండ్, ముఖ్యంగా చావో ప్రాయా నదీ పరీవాహక ప్రాంతం. వరిచేలు, బోదెలు, గడ్డి పెరిగిన నిలవనీళ్ళు దాని ఇల్లు. కృష్ణా గోదావరి మండలాలలో పుట్టిపెరిగిన వారికి ఆ దృశ్యం వర్ణించి చెప్పనక్కరలేదు. థాయి భాషలో దీనిని ప్లా కట్ అంటారు, అంటే కరిచే చేప. 1849లో కాంటర్ అనే వైద్యుడు దీనిని మరొక పేరుతో వర్ణించాడు. 1910లో రీగన్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఆ పొరపాటును సవరించి స్ప్లెండెన్స్ అని నామకరణం చేశాడు. లాటినులో ఆ మాటకు మెరిసేది అని అర్థం. కరిచేది అన్నవారూ ఉన్నారు, మెరిసేది అన్నవాడూ ఉన్నాడు. థాయిలాండ్ ప్రభుత్వం 2019లో దీనిని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది.

మనకు తెలుగులో పేరు లేదు. ఫైటర్ అనే దానికి బదులు 'జెట్టిచేప' అందామని నా ప్రతిపాదన. జెట్టి అంటే మల్లుడు. మల్లుడు బరిలో దిగినప్పుడే పట్టు పడతాడు. ఇంటికి వచ్చిన చుట్టాన్ని పట్టుకొని విరవడు. పోట్లాట దాని పుట్టుగుణం కాదు, దానికి ఒక చోటూ ఒక సందర్భమూ ఉన్నాయన్న సూచన ఆ మాటలో ఉంది. బాగులేదంటే మెరుగైనది చెప్పండి, సంతోషంగా స్వీకరిస్తాను. దానితో కలిసి బ్రతికే చేపను 'తోడుచేప' అని వాడుతున్నాను. దీనికి అభ్యంతరం ఉండదనుకుంటాను.

సయాం దేశంలో వందల ఏళ్ళుగా ఈ చేపలను పెంచి, పందేలకు దింపి, డబ్బు కాశారు. వాళ్ళను తప్పుపట్టే అధికారం మనకు తక్కువ. సంక్రాంతి వస్తే మన వైపు ఏమి జరుగుతుందో అందరూ ఎరిగినదే. పల్నాటి కథలో నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు కోడిపందెం ఆడి రాజ్యాన్నే ఒడ్డారు. వినోదం కోసం జంతువులను పోరుకు ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమే. చట్టం ఉన్నది, పందేలూ ఉన్నాయి. సరే, అది వేరే టపా.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. వరిచేలో రెండు మగచేపలు ఎదురైతే మొప్పలు విప్పుకొని, రెక్కలు చాచుకొని కాసేపు బెదిరించుకుంటాయి. మహా అయితే రెండు మూడు కాట్లు. తగ్గినది తప్పుకొని గడ్డిలోకి పోతుంది. గెలిచినది వెంటపడి చంపడానికి పోదు; దానికి కావలసినది తన జానెడు చోటు మాత్రమే. అదే పోరు అద్దాలతొట్టిలో అయితే ఓడినది ఎక్కడికి పోతుంది? ఎటు పోయినా అద్దమే. ఓడిపోయి కూడా గెలిచినవాడి కంటి ముందే ఉండవలసి వస్తుంది. ఇంకా ఎదుటనే ఉన్నాడంటే ఇంకా పోరు కోరుతున్నాడని గెలిచినది అనుకుంటుంది. చంపినది చేపే అయినా చంపించినది ఆ అద్దం, ఆ అద్దంలో వాటిని కలిపి వదిలిన చెయ్యి.

ఇంకొకటి కూడా చదివాను. 1998లో ఒలివేరా, మెక్‌గ్రెగర్, లాత్రూఫ్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక జెట్టిచేపను, వేరే రెండు జెట్టిచేపల పోరు కనబడేలా ఉంచి పరీక్షించారు. తరువాత ఆ రెండింటినీ విడివిడిగా దీనికి ఎదురుగా ఉంచితే, గెలిచినదానిని సమీపించడానికి జంకిందట. ఓడినదానిని సమీపించడానికి అంత జంకలేదట. అంటే కళ్ళు మూసుకొని మీదపడే మొరటు జంతువు కాదది. చూస్తుంది, గుర్తుపెట్టుకుంటుంది, ఆచితూచి అడుగేస్తుంది.

దుకాణం అబ్బాయి మాట దగ్గరకు వస్తాను. ఈ వారం రోజులలో నన్ను ఎక్కువగా వేధించినది ఆ మాటే. సర్దుకుపోతాయి సార్!

తెలుగులో ఇంతటి చల్లని మాట, ఇంతటి క్రూరమైన మాట మరొకటి ఉందా? కొత్తకోడలు ఏడిస్తే సర్దుకుపోతుంది అంటాం. పల్లె విడిచి కొడుకు ఇంటికి వచ్చిన తల్లి మూగబోతే సర్దుకుపోతుంది అంటాం. హాస్టలులో చేర్చిన పిల్లవాడు అన్నం తినకపోతే వాడే సర్దుకుపోతాడు అంటాం. అన్నవాడికి ఖర్చు లేదు. సర్దుకోవలసినవాడు వేరొకడు. పైగా ఎవరు సర్దుకోవాలో కూడా ఆ మాట చెప్పదు. చెప్పకపోయినా అందరికీ తెలుసు, బలహీనుడే. గప్పీలు సర్దుకోవాలి, జెట్టి కాదు.

పాతవాసన పోక పదాన్ని విడదీసి చూశాను. సర్దుకొని పోవడం సర్దుకుపోవడం. ఇందులో 'పోవు' సహాయక్రియ, దానికి విడిగా అర్థం చూడకూడదని వ్యాకరణం తెలిసినవారు నన్ను మందలించవచ్చు. విద్యార్థులకు నేనూ అదే చెప్పాను. కానీ చేపల దగ్గర మాత్రం ఆ 'పోవు' అనే ధాతువుకు ప్రాణం పోసి చూడాలనిపిస్తున్నది. పోవడానికి ఒక చోటు ఉన్నప్పుడే సర్దుకుపోవడం. చోటు లేనప్పుడు మిగిలేది ఉత్త పోవడమే.

ఇది వ్రాస్తుంటే ఒక సంగతి చెప్పక తప్పదు. 1994 ప్రాంతంలో నేను పనిచేసిన ఒక ఉన్నత పాఠశాలలో ఎనిమిదవ తరగతిలో ఇద్దరు పిల్లలు ఉండేవారు. ఒకడు దిట్టమైనవాడు, నోరూ చెయ్యీ రెండూ ఎక్కువ. రెండవవాడు సన్నగా, మాట పెగలనివాడు. పద్యం మాత్రం చక్కగా చదివేవాడు. వాళ్ళిద్దరికీ పడదని తెలిసి, కలిపి కూర్చోబెడితే స్నేహం కుదురుతుందన్న ఆశతో ఒకే బెంచీ మీద గోడ వైపు ఆ సన్నవాడిని, బయటి వైపు ఈ దిట్టవాడిని కూర్చోబెట్టాను. నా ఉద్దేశం మంచిదే. తోటి ఉపాధ్యాయుడు సందేహిస్తే, "నాలుగు రోజులు పోతే వాళ్ళే సర్దుకుంటారండీ" అన్నాను. గోడకూ ఆ పిల్లవాడికీ మధ్య లేచి పోవడానికి దారి లేదు. అది నాకు తట్టలేదు. దసరా సెలవుల తరువాత వాడు బడికి రాలేదు. పొలం పనుల్లో పెట్టారని విన్నాను. పేదరికమే కారణమని అప్పట్లో నాకు నేను చెప్పుకొని ఊరుకున్నాను. అదీ ఒక కారణమేమో. కానీ వడపోత యంత్రం వెనుక ఇరుక్కున్న ఆ మూడవ గప్పీని చూసినప్పుడు నాకు ముప్పై ఏళ్ళ వెనుకటి ఆ గోడ పక్క చోటు కళ్ళకు కట్టింది.

చేపల దగ్గరకే వద్దాం. "అయితే జెట్టిచేపను ఒంటరిగానే ఉంచాలా, తోడు ఉంచవచ్చునా?" ఇదీ పెంచేవారందరూ వేసే ప్రశ్న. రెండు వాదాలు ఉన్నాయి. ఏ తోడూ పనికిరాదు, దానిని దాని మానాన వదలండి అనేది ఒకటి. తగిన తోడుచేపలను చూసి పెడితే చక్కగా ఉంటుంది అనేది రెండవది. రెండింటిలోనూ నిజం ఉంది. నా అభ్యంతరం వాదాల మీద కాదు, ప్రశ్న మీద. అందరూ జెట్టి వైపు నుంచే అడుగుతున్నారు; దీనికి తోడు ఎవరు కావాలి అని. తోడుగా వచ్చేదాని వైపు నుంచి అడిగేవారు తక్కువ.

జెట్టికి తోడు అక్కరలేదు. మగజెట్టి తన చోటును తానే కాచుకొని బ్రతికే జీవి. మందలో తిరిగేది కాదు. నీటి మీద నోటితో గాలి బుడగలు ఊది నురగగూడు కడుతుంది. ఆడచేప గుడ్లు పెడుతుంటే అవి జారి పడకుండా నోటితో ఏరి గూటిలో అమరుస్తుంది. ఆ తరువాత ఆడచేపను సైతం తరిమివేసి, ఒంటరిగా గుడ్లను, పిల్లలను కాస్తుంది. మన కొర్రమీనును గుర్తుచేసుకోండి. చెరువు గట్టున నీళ్ళలో ఎర్రెర్రని పిల్లల గుంపు సుడి తిరుగుతుంటే, అడుగున తల్లో తండ్రో కాపలా ఉన్నట్టే అని మా ఊరి పెద్దలు చెప్పేవారు. ఆ సమయంలో కాలు పెడితే ఊరుకోదు. దానిని ఎవరూ చెడ్డ చేప అనలేదు. కొర్రమీను మాదిరే జెట్టికి కూడా తల భాగంలో గాలి పీల్చుకునే ప్రత్యేక అవయవం ఉంది, కాబట్టే తక్కువ నీటిలో కూడా చావక నిలుస్తుంది. చావక నిలుస్తుంది గనుకనే గ్లాసులో పెట్టి అమ్ముతున్నారు. ఓర్చుకోగలగడం ఎప్పుడూ ఓర్చుకునేవాడి నెత్తి మీదకే వస్తుంది.

కాబట్టి అద్దంలో ఒంటరిగా ఉన్న జెట్టిని చూసి మనకు కలిగే జాలి చేపకు సంబంధించినది కాదు. మా మనుమడికి తోబుట్టువులు లేరు. నాకు మా ఆవిడ పోయి ఆరేళ్ళు అయింది. ఆ తొట్టి ముందు కూర్చున్నది మేమిద్దరం. ఒంటరితనాన్ని ఎక్కడ చూశామో మీరు ఊహించుకోవచ్చు.

మరి తోడు పెట్టవచ్చునా? పెట్టవచ్చు. అయితే తోడుచేపకు ఏమి కావాలో ముందు అమర్చి పెట్టాలి, జెట్టికి ఏమి కావాలో తరువాత. చదివి, తరువాత స్వయంగా చూసి గ్రహించిన నాలుగు ముక్కలు చెబుతాను.

ఇరవై లీటర్లు జెట్టి ఒక్కదానికే సరి. తోడు పెట్టదలచినవారు కనీసం నలభై లీటర్లు, వీలైతే అరవై చూసుకోవాలి. లీటర్ల కంటే ముఖ్యం మరుగు. దట్టంగా మొక్కలు, ఒక చిన్న కుండపెంకు, ఒక మొద్దుముక్క. ఈ చివర ఉన్నది ఆ చివర ఉన్నదానికి కనబడకూడదు. నీరు కూడా ముందుగా పక్వానికి రావాలి. చేపల మలమూత్రాల వల్ల పుట్టే అమ్మోనియాను మొదట నైట్రైటుగా, తరువాత అంత ప్రమాదం లేని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు వడపోతలో స్థిరపడడానికి నెల, నెలన్నర పడుతుంది. నేను ఒక్క పూట కూడా ఆగలేదు. గప్పీలు ఆ రాత్రి జెట్టి నుంచి తప్పించుకున్నా ఆ పచ్చి నీళ్ళలో ఎన్నాళ్ళు ఉండేవో!

ఏవి కూడదో చెప్పడం తేలిక. రెండు మగజెట్టిలు ఎన్నడూ కూడదు. పొడుగు తోకల గప్పీలు కూడదు, ఆ తోకను చూసి మరొక మగజెట్టి వచ్చిందని భ్రమపడుతుంది. పైగా రెండూ పైనీటిలో తిరిగేవే. జెట్టికి జ్ఞాతులైన గౌరామీలు కూడదు. జ్ఞాతివైరం చేపలలోనూ ఉంది. టైగర్ బార్బ్ అనే చారల చేప మన పరిగెలకు చుట్టం, అది ఎదురు తిరిగి జెట్టి రెక్కలనే కొరుకుతుంది. ఇక్కడ బాధితుడు జెట్టి. రెక్కల బరువుతో పరుగెత్తలేదు పాపం. ఆ రెక్కలు ప్రకృతి ఇచ్చినవి కావు, అందం కోసం మనుషులు తరతరాలుగా ఏర్చి పెంచినవి. వరిచేలోని జెట్టికి పొట్టి రెక్కలే. బంగారుచేప చల్లని నీటిది, ఎక్కువ మలినం చేస్తుంది, దానికీ దీనికీ పొంతన లేదు. ఆడజెట్టిలను నాలుగైదింటిని కలిపి పెంచేవారు ఉన్నారు. వాటిలోనూ పెద్దరికం కోసం కాట్లాటలు తప్పవు, ఎప్పుడు ముదురుతాయో చెప్పలేం. అనుభవం లేనివారు ఆ జోలికి పోకపోవడం మేలని నా అభిప్రాయం.

ఇక తగినవి. కోరీడోరాస్ అనే చిన్న మీసాల చేపలు ఉన్నాయి. మన జెల్లల పోలికే, దక్షిణ అమెరికా నుంచి వచ్చినవి. అడుగున ఇసుకలో మీసాలతో వెతుక్కుంటూ తిరుగుతాయి. జెట్టి పైవాటా, ఇవి కిందివాటా. తగవు తక్కువ. ఎంబర్ టెట్రా, హార్లెక్విన్ రాస్బోరా వంటి చిన్న చేపలు నడిమి నీటివి. పొట్టి తోకలు, గొడవ పెట్టుకోని స్వభావం. కూలీ లోచ్ అనే పామువంటి చేప రాత్రిపూట తిరిగేది. నెరైట్ నత్త ఉంది, అద్దం మీద నాచు నాకుతూ పోతుంది, గుల్లలో తలదాచుకోగలదు. చిన్న రొయ్యలను మాత్రం తోడు అనకండి, జెట్టికి అవి ఆహారం.

ఇక్కడ అసలు తిరకాసు ఉంది. కోరీడోరాస్, టెట్రా, రాస్బోరా, ఇవన్నీ మందలో బ్రతికేవి. కనీసం ఆరు ఉండాలి. జెట్టికి తోడు అంటూ ఒక్క కోరీని తెచ్చి వేస్తే, తోడు లేనిది ఆ కోరీ అవుతుంది! జెట్టి పక్కన ఉన్నా దానికి ఒంటరితనమే, ఎందుకంటే అది తన జాతి మధ్య తప్ప నిబ్బరంగా ఉండలేదు. ఒంటరిగా సుఖంగా ఉండగలిగే చేప మీద జాలిపడి, ఒంటరిగా ఉండలేని చేపను ఒంటరిని చేస్తున్నాం. దుకాణాలలో రోజూ జరిగే అన్యాయం ఇది.

ఇంకొక మాట. ఏ చేపలు తగినవో ఎన్ని పట్టికలు చూసినా ఒక్కొక్క జెట్టి తీరు ఒక్కొక్కటి. ఒకటి నత్త మీసాన్ని కూడా ఓర్వదు, మరొకటి మంద నడుమ మునిలా ఉంటుంది. అందుచేత తోడు పెట్టే ముందే రెండవ తొట్టి ఒకటి సిద్ధంగా ఉండాలి. పడకపోతే ఆ క్షణమే విడదీయగలగాలి. పెళ్ళి చేసేముందే వేరు కాపురానికి ఇల్లు చూసినట్టు ఉన్నదని మా కోడలు నవ్వింది. నవ్వినా, మామయ్యగారూ అంటూ పాత ఇరవై లీటర్ల తొట్టిని తనే కడిగి పెట్టింది.

అలా నేను అరవై లీటర్ల తొట్టి తెచ్చాను. నలభై రోజులు అందులో చేప లేదు; మొక్కలు, ఇసుక, నీళ్ళు అంతే. ఖాళీ తొట్టిని చూస్తూ కూర్చున్నానని మా అబ్బాయి స్నేహితులకు చెప్పి నవ్వించాడట. హైదరాబాదు చలికాలపు రాత్రులలో గది చల్లబడుతుంది కనుక చిన్న హీటరు పెట్టి ఇరవైయైదు, ఇరవైయారు డిగ్రీల మధ్య ఉంచాం. ఆ వేడి జెట్టికీ కోరీలకూ ఇద్దరికీ నప్పుతుంది. మొదట ఆరు కోరీలను వదిలాం. అవి చోటు చూసుకొని, మరుగులు కనిపెట్టుకొని, వారం రోజులు కుదురుకున్న తరువాత ఆఖరున జెట్టిని వదిలాం. ఈ వరుస ముఖ్యం. ముందు వచ్చినవాడు తొట్టి అంతా తనదే అనుకుంటాడు కాబట్టి జెట్టి చివర రావాలి. దూకి బయటపడే అలవాటు ఉన్నది కనుక పైన మూత పెట్టాం. మూతకూ నీటికీ మధ్య గాలికి ఎడం ఉంచాం.

మొదటి రోజు మనుమడు బడి నుంచి వచ్చి, సంచీ అయినా దించకుండా తొట్టి ముందు కూర్చున్నాడు. నేను జల్లిగరిట చేతిలో పట్టుకొని నిలబడ్డాను. కోరీలకు ఒక అలవాటు ఉంది. అవి కూడా అప్పుడప్పుడు పైకి వచ్చి గాలి మింగి పోతాయి. ఒక కోరీ అడుగు నుంచి బాణంలా లేచి జెట్టి మూతి ముందు నుంచే పైకి పోయి, గుటుక్కున గాలి మింగి, మళ్ళీ అంతే వేగంగా కిందికి దిగింది. జెట్టి మొప్పలు విప్పింది. వెంటపడుతూ రెండు మూరల దూరం కూడా పోలేదు. కోరీ కుండపెంకు వెనుక మాయమైంది. జెట్టి కొంతసేపు అక్కడే నిలబడి, కనబడనివాడితో ఏమి పోరు అనుకున్నట్టు, మొప్పలు ముడుచుకొని వెనక్కి తిరిగింది.

"తాతయ్యా, దాక్కుంది!" అన్నాడు వాడు.

"దాక్కోవడానికి చోటు ఉంది కదా నాన్నా" అన్నాను.

ఇది జరిగి ఏడు నెలలు. ఆరు కోరీలూ ఉన్నాయి. వాడు రోజూ లెక్కపెడతాడు, ఐదు కనబడితే ఆరవది కనబడేదాకా అన్నానికి రాడు. తామరతొట్టిలో వదిలిన రెండు గప్పీలలో ఒకటి పోయింది, రెండవది దోమపిల్లలను తింటూ బాగానే ఉంది. దానికి తోడుగా మరికొన్ని గప్పీలు తెచ్చి వేశాం.

కిందటి నెలలో మనుమడి పుట్టినరోజు వచ్చింది. వచ్చిన పిల్లలకు ఏమి ఇద్దామని మా కోడలు అడిగితే, నేను నోరు తెరవకముందే వాడే చెప్పాడు, రంగు పెన్సిళ్ళు అని. పన్నెండు డబ్బాలు తెచ్చాం. ఒకటి మిగిలింది, నా బల్ల మీద ఉంది. దానిలోని నీలం పెన్సిలుతోనే ఈ టపా చిత్తుప్రతి వ్రాశాను.